వెలుగు దారి మార్చే చిన్న మీట

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ వేదికమీద పంచాంగశ్రవణం వింటున్నాము, పద్యాలు వింటున్నాము. ఈ సంవత్సరం కార్యవర్గంవారు మమ్మల్ని పిలిచి, "మీరు ముగ్గురూ తెల్ల ముసుగులు వేసుకొని ఆ గదుల్లో ఏం చేస్తారో మాకు తెలిసే మాటల్లో ఒక అరగంట చెప్పండి" అన్నారు. మేము ముగ్గురమూ ఇంజనీరింగు విద్యార్థులకు పాఠాలు చెప్పుకొనేవాళ్ళం. ఒకరిది అనంతపురం, ఒకరిది తెనాలి, మూడవవారు ఇక్కడే మల్లేశ్వరంలో పుట్టి, ఇంట్లో తెలుగు వింటూ బడిలో కన్నడం చదువుకొన్నవారు. మాలో ఒకరు మాట్లాడుతున్నా ఈ మాటలు ముగ్గురివీ అని మనవి.

మా పని ఏమిటని ఇంట్లో ఎవరైనా అడిగితే "స్విచ్చీలు చేస్తాము" అని చెప్పేవాళ్ళం. ఒకనాడు మాలో ఒకరి అమ్మమ్మగారు, "దానికింత చదువెందుకురా? చిక్కపేటలో డజన్ల లెక్కన అమ్ముతారు గదా!" అన్నారు. ఆనాడు మేము నవ్వి ఊరుకొన్నాము గాని ఆమెకు సరైన సమాధానం చెప్పలేకపోయాము. ఆ బాకీ ఈ సభలో తీర్చుకొందామని వచ్చాము.

మొదట గాజుపోగు సంగతి. దీన్ని ఆప్టికల్ ఫైబర్ అంటారు. తల వెంట్రుకకన్న కొంచెం లావుగా, 125 మైక్రాన్ల మందాన ఉండే గాజు దారం ఇది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ దారం నడుమ 8, 9 మైక్రాన్ల మేర మాత్రమే వెలుగు నడిచే బాట. బాటలోని గాజుకు, చుట్టూ ఉన్న గాజుకు గుణంలో రవ్వంత తేడా ఉంటుంది. ఆ తేడా వల్ల వెలుగు పక్కకు పోలేక బాట వెంటనే సాగిపోతుంది.

1966లో ఇంగ్లండులో పనిచేస్తున్న చార్లెస్ కావో, జార్జి హాకమ్ అనే ఇద్దరు, గాజులోని మాలిన్యాన్ని తీసివేయగలిగితే వెలుగుతో దూరప్రాంతాలకు వార్తలు పంపవచ్చునని లెక్కకట్టి చెప్పారు. కిలోమీటరు దాటేసరికి నూటికి ఒక్క వంతు వెలుగు మిగిలితే చాలునన్నారు. అప్పటి గాజులో అదికూడా మిగిలేది కాదు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ మెట్టు దాటారు. ఈనాటి మంచి పోగులో వెలుగు 15 కిలోమీటర్లు పోయినా సగం మిగులుతుంది. అంటే మెజెస్టిక్‌లో పంపిన వెలుగు ఇంచుమించు కెంగేరి చేరేసరికి సగమన్నా ఉంటుందన్నమాట. కావోగారికి 2009లో నోబెల్ బహుమానం వచ్చింది. ఈనాడు అమెరికాలో ఉన్న మీ అబ్బాయి మాట సముద్రం అడుగున ఈ పోగులోనే వచ్చి మీ చెవిని చేరుతున్నది.

అయితే పోగు ఉన్నంత మాత్రాన పని కాదు. రైలు పట్టాలు పరచినంత మాత్రాన రైళ్ళు నడుస్తాయా? మనలో చాలమంది ఊరికి పోయేటప్పుడు గుంతకల్లు జంక్షను దాటినవాళ్ళమే. ఒక బండి గుంటూరు వైపు పోవాలి, ఒకటి బళ్ళారి వైపు పోవాలి. అక్కడ పాయింట్లు లేకపోతే అన్ని బండ్లూ ఒకే దారిని పోవలసిందే. గాజుపోగులో వచ్చిన వెలుగుకూ అటువంటి పాయింటు ఒకటి కావాలి. ఒక పోగు తెగిపోతే ఆ వెలుగును వెంటనే ఇంకొక పోగులోకి మళ్ళించాలి. ఆ పాయింటే మేము చెప్పే స్విచ్చి. అమ్మమ్మగారి మాటలో చెప్పాలంటే మీట.

ఈ మీటల చరిత్రలో మన బెంగళూరుకు ఒక స్థానం ఉన్నది. పెద్దలకు ట్రంకుకాల్ రోజులు జ్ఞాపకమే. ఎక్స్ఛేంజిలో ఒకరు కూర్చుని తాడు పట్టుకొని ఈ రంధ్రంలోంచి తీసి ఆ రంధ్రంలో గుచ్చితే గాని ఊరి నుంచి మాట వినిపించేది కాదు. ఆ చేతిపనిని యంత్రానికి అప్పగించినదే స్ట్రోజర్ పద్ధతి. మీరు డయలు తిప్పితే ఎక్స్ఛేంజిలో ఒక ఇనుప చెయ్యి టక్కు టక్కున మెట్లు ఎక్కి, పక్కకు తిరిగి, అవతలివారి తీగను తాకేది. 1948లో మన ఊళ్ళో స్థాపించిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్‌లో అటువంటి పరికరాలు తయారయ్యేవి. దూరవాణినగర్ అన్న పేరు కూడా ఆ కర్మాగారం మూలంగా వచ్చినదే. తరువాత ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు వచ్చినవి. కదిలే చేతులు పోయినవి, టక్కు టక్కు శబ్దమూ పోయింది. కదిలే మీటకు కాలం చెల్లిందని అందరూ అనుకొన్నారు.

గాజుపోగు వచ్చిన తరువాత ఆ కదిలే మీట మళ్ళీ అవసరమైంది. కారణం చూడండి. ఎలక్ట్రానిక్ స్విచ్చికి వెలుగు అర్థం కాదు. కాబట్టి వచ్చిన వెలుగును విద్యుత్తుగా మార్చి, దారి మళ్ళించి, మళ్ళీ వెలుగుగా మార్చి పంపాలి. ఒకే పోగులో అనేక రంగుల వెలుగులు ఏకకాలంలో పోతుంటాయి. ప్రతి రంగుకూ ఈ మార్పిడి సరంజామా వేరుగా ఉండాలి. వేగం పెరిగినప్పుడల్లా సరంజామా మార్చాలి. ఖర్చూ ఎక్కువే, కరెంటూ ఎక్కువే.

అద్దానికి ఈ బాధ లేదు. అద్దం ముందు కన్నడం మాట్లాడినా తెలుగు మాట్లాడినా దానికొకటే. వెలుగు ఏ రంగుదైనా, ఎంత వేగంగా వార్తలు మోస్తున్నా, అద్దం అడ్డం వస్తే మలుపు తిరుగుతుంది, తప్పుకొంటే నేరుగా పోతుంది. నాలుగు పోగులను కూడలి వలె ఎదురెదురుగా అమర్చి నడుమ ఒక చిన్న అద్దం పెడితే చాలు, స్విచ్చి అయినట్లే. దీనికి ఒక పరిమితి కూడా ఉన్నది. అద్దం కదలటానికి సుమారు ఒక మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యో వంతు పడుతుంది. ఒక్కొక్క వార్తను విడదీసి పంచటానికి ఆ వేగం ఏమూలకూ చాలదు. మొత్తం దారినే మళ్ళించటానికి మాత్రం పుష్కలంగా సరిపోతుంది.

మరి చిక్కెక్కడ ఉన్నదంటారా? అమరికలో ఉన్నది. ఒక పోగులోంచి బయటపడ్డ వెలుగు ఎదుటి పోగు బాటలో పడాలి. ఆ బాట 9 మైక్రాన్లే గదా! గురి ఒక్క మైక్రాను తప్పితే నూటికి నాలుగు వంతుల వెలుగు పోతుంది. రెండు మైక్రాన్లు తప్పితే పదునాలుగు వంతులు. అయిదు మైక్రాన్లు తప్పితే సగానికి పైగా పోతుంది. పైగా పోగు దాటిన వెలుగు టార్చిలైటు వెలుగు వలె వెడల్పవుతుంది. రెండు పోగుల నడుమ 100 మైక్రాన్ల ఖాళీ ఉంటే, గురి సరిగ్గా ఉన్నా సగానికి దగ్గరగా నష్టమే. కాబట్టి అద్దం సన్నగా ఉండాలి, నిటారుగా ఉండాలి, నునుపుగా ఉండాలి, ప్రతిసారీ అదే చోటికి వచ్చి నిలవాలి. బంతులు, ఇరుసులు, మరచీలలు పెట్టి చేసే యంత్రంలో ఇంత నిక్కచ్చి చాల కష్టం.

దీనికి ఉపాయం సిలికాన్. ఇది ఇసుకలో ఉన్న మూలకమే. దాన్ని శుద్ధిచేసి పెద్ద స్ఫటికంగా పెంచి, అప్పడం వలె పలుచని బిళ్ళలుగా కోస్తారు. ఆ బిళ్ళను వేఫర్ అంటారు. ఎలక్ట్రానిక్స్‌కు పనికివచ్చే ఈ పదార్థం యంత్రాలకు కూడా గొప్పగా పనికివస్తుందని 1982లో కర్ట్ పీటర్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక పెద్ద వ్యాసంలో వివరించాడు. రాగి తీగను వంచితే వంగినట్లే ఉండిపోతుంది. సిలికాన్ రేకు వంగుతుంది, వదిలితే తన స్థానానికి తిరిగి వస్తుంది. మరీ వంచితే విరుగుతుందే గాని సొట్టపడి మిగలదు. కాబట్టి సిలికాన్‌తో కీలు లేని యంత్రం చేయవచ్చు. వంగే రేకే దానికి కీలు. ఒరిపిడి లేదు, అరుగుదల లేదు, నూనె వేయవలసిన పని లేదు.

ఇక తయారీ సంగతి. ఈ పనిలో సుత్తీ ఉలీ లేవు. బిళ్ళకు సిలికాన్ నైట్రైడ్ అనే గట్టి పూత వేస్తాము. దానిమీద వెలుగుకు మారే ఒక లక్క వంటి పదార్థం రాసి, పైన గీతలున్న గాజు పలకను పెట్టి అతినీలలోహిత కాంతి పడనిస్తాము. ఆ పలకను మాస్కు అంటారు. పూర్వం ఫొటో స్టూడియోలో నెగటివ్ నుంచి బొమ్మ అచ్చువేసినట్లే ఇదీ. గీతలున్న చోట పూత తొలగిపోతుంది. తరువాత బిళ్ళను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో 80 డిగ్రీల వేడిమీద ఉడికిస్తాము. పూత లేని చోట సిలికాన్ నిమిషానికి సుమారు ఒక మైక్రాను చొప్పున కరుగుతుంది.

ఇక్కడే స్ఫటికం గొప్పతనం కనిపిస్తుంది. ఈ క్షారం అన్ని దిక్కులా సమంగా కరిగించదు. స్ఫటికంలో అణువులు దట్టంగా పేర్చుకొన్న ముఖం ఎదురైతే ఇంచుమించు ఆగిపోతుంది. అందువల్ల తిన్నని గీత తెరిచి ఉడికిస్తే నాగలి చాలు వంటి గాడి తనంతట తానే ఏర్పడుతుంది. దాని గోడలు 54.7 డిగ్రీల వాలులో ఉంటాయి. ఈ కోణం మనం నిర్ణయించినది కాదు, స్ఫటికంలోనే ఉన్నది. 153 మైక్రాన్ల వెడల్పున గీత తెరిస్తే పోగు నడుము సరిగ్గా బిళ్ళ ఉపరితలానికి సమంగా కూర్చుంటుంది. కాని అప్పుడు సగం వెలుగు అద్దం నెత్తిమీదుగా పోతుంది. అందుచేత మేము 196 మైక్రాన్లు తెరిచాము. పోగు మరో 30 మైక్రాన్లు లోపలికి దిగింది.

ఇంకొక వింత. ఆ గాడికి సరిగ్గా 45 డిగ్రీల అడ్డంగా గీసిన గట్టుకు గోడలు నిటారుగా వస్తాయి. వెలుగును లంబంగా మళ్ళించటానికి అద్దం 45 డిగ్రీలలో నిలవాలని మనకు చిన్ననాటి పాఠాల్లో చెప్పినదే. మనకు కావలసిన కోణం స్ఫటికమే ఇస్తున్నది! పోగు గాడీ, అద్దం గోడా ఒకే మాస్కుతో, ఒకే ఉడుకుతో వస్తాయి. వేర్వేరుగా చేసి జోడించే పని లేదు.

అయితే గాడికి ఓపిక ఉన్నది గాని అద్దానికి ఓపిక లేదు. గాడి గోడలు నిలబడిపోతాయి, మనం పది నిమిషాలు ఆలస్యం చేసినా ఏమీ అనుకోవు. అద్దం గోడలు అలాకాదు. లోతు ఎంత దిగితే రెండు పక్కలా అంత కరుగుతాయి. లోతు 100 మైక్రాన్లు కావాలంటే గట్టు ఇటు 100, అటు 100 పోగొట్టుకొంటుంది. చివరకు 10 మైక్రాన్ల అద్దం మిగలాలంటే మాస్కుమీద 210 మైక్రాన్ల గట్టు గీయాలి. నిమిషానికి ఒక మైక్రాను లెక్కన రెండు పక్కలా కరిగే ఆ పది మైక్రాన్ల అద్దం, అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఉండనే ఉండదు.

ఈ లెక్క మాకు బాగా తెలుసు. బోర్డుమీద వ్రాసి విద్యార్థులకు చెప్పినదే. అయినా ఏమి జరిగిందో చెబుతాము.

అప్పట్లో మా వద్ద కర్నూలు జిల్లా అమ్మాయి ఒకామె ఎం.టెక్. చేస్తుండేది. ఈ అద్దం పనే ఆమె పరిశోధన. గడువు ఆరు వారాలున్నది. ఆరు బిళ్ళలు మాత్రమే మిగిలినవి. ఒక మధ్యాహ్నం నాలుగు బిళ్ళలను ఒకేసారి ఉడకవేశాము. నూరు నిమిషాలని గడియారం చూసుకొని, పాత్ర మూత సరిగా పెట్టకుండా, మేము పరీక్షాపత్రాలు దిద్దుకొంటూ కూర్చున్నాము. మూత లేనందున నీరు ఆవిరై మట్టం తగ్గింది. ఉష్ణమాపకం కొన గాలిలోకి తేలి అసలుకన్న తక్కువ వేడిని చూపించింది. తక్కువ చూపించినందువల్ల పొయ్యి మరింత వేడిచేసింది. నూరు నిమిషాలకు బిళ్ళలు తీసి కడిగి సూక్ష్మదర్శిని కింద పెట్టాము. గాడులు ముత్యాల్లాగ ఉన్నవి. అద్దం ఉండవలసిన చోట ఏమీ లేదు. నాలుగు బిళ్ళల్లోనూ ఒక్క అద్దమైనా లేదు.

తరువాత మరొక ఉష్ణమాపకం ముంచి చూస్తే 85 డిగ్రీలు. అయిదు డిగ్రీలు పెరిగితే కరిగే వేగం ఇంచుమించు మూడో వంతు పెరుగుతుంది. మా గడియారం ప్రకారం ఇంకా ఇరవై నిమిషాలు ఉండగానే అద్దాలు నీటిలో కలిసిపోయినవి. తప్పు పూర్తిగా మాది. ఆ పిల్ల మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోవటమే మాకు కష్టంగా తోచింది.

ఆ రాత్రి ఆమె తండ్రికి ఫోను చేసిందట. ఆయన మట్టిపనుల మేస్త్రీ. చెరువుల పూడిక, కాలువల తవ్వకం ఆయన పని. కూతురు చెప్పినదంతా విని, "ఎంత లోతు దిగిందో మీకెట్ల తెలుస్తాదమ్మా?" అని అడిగాడు. "గడియారం చూసుకొంటాం నాయనా" అన్నది. ఆయన నవ్వి, "గడియారం చూసి తవ్వినామంటే మాకు బిల్లు ఎవరిస్తారమ్మా!" అన్నాడు.

చెరువు తవ్వేచోట మీరు చూసే ఉంటారు. చుట్టూ మట్టి తీసేసినా నడుమ ఒక దిబ్బను ముట్టుకోకుండా వదులుతారు. తవ్వక ముందు నేల ఎంత ఎత్తున ఉండేదో ఆ దిబ్బ సాక్ష్యం చెబుతుంది. ఓవర్సీరు వచ్చి దాన్ని కొలిచి, కూలి లెక్కకడతాడు. ఆ దిబ్బ పనికి బయట ఉన్న కొలత కాదు, పనిలోనే ఉన్న కొలత.

మర్నాడు ఉదయం ఆ అమ్మాయి కొత్త మాస్కు గీసుకొని వచ్చింది. అద్దాల పక్కనే వరసగా చిన్న చిన్న గట్లు. ఒకటి 160 మైక్రాన్ల వెడల్పు, తరువాతిది 170, తరువాత 180, 190, చివరిది 200. గట్టు రెండు పక్కలా కరుగుతుంది గనుక 160 మైక్రాన్ల గట్టు 80 మైక్రాన్ల లోతు దిగేసరికి మాయమవుతుంది. 180 గట్టు 90కి మాయమవుతుంది. 200 గట్టు మాయమైన క్షణాన లోతు సరిగ్గా 100, అద్దం సరిగ్గా 10. వేడి పెరగనీ, తగ్గనీ, క్షారం చిక్కబడనీ, గట్లు కూడా అద్దంతోపాటే ఆ మార్పును అనుభవిస్తాయి, అబద్ధం చెప్పవు. వాటికి మేము సాక్షి గట్లు అని పేరు పెట్టాము. చెరువులో దిబ్బ మిగిలి సాక్ష్యం చెబుతుంది, ఇక్కడ గట్టు మాయమై చెబుతుంది, అంతే భేదం.

ఇటువంటి పరీక్షా గీతలు ఈ విద్యలో ఆరితేరినవారు ఎప్పటినుంచో వాడుతున్నారని తరువాత చదువుకొన్నాము. మాకు మాత్రం అది పుస్తకంలోంచి రాలేదు, కర్నూలు జిల్లా చెరువులోంచి వచ్చింది. మిగిలిన రెండు బిళ్ళలను ఈసారి ఒక్కొక్కటిగా ఉడికించాము. మూత మీద చెయ్యి తీయలేదు. 190 గట్టు పోయిన తరువాత ముగ్గురమూ, ఆ అమ్మాయీ, ఊపిరి బిగబట్టి రెండు నిమిషాలకొకసారి బిళ్ళను తీసి, కడిగి, చూసి, మళ్ళీ ముంచాము. చివరి గట్టు పోయింది. అద్దం నిలిచింది.

ఇంకా ఒక మెలిక ఉన్నది. నునుపు చేసిన సిలికాన్ మన కంటికి అద్దం వలె తళతళలాడుతుంది. కాని పోగులో పోయే వెలుగు కంటికి కనిపించని పరారుణ కాంతి. దానికి సిలికాన్ కిటికీ గాజు వంటిది, మూడింట రెండు వంతులు లోపలికి దూరిపోతుంది. అందుచేత అద్దానికి బంగారు పూత వేయాలి. బంగారం నేరుగా సిలికాన్‌ను పట్టుకోదు, పొరలాగ లేచిపోతుంది. కళాయి వేసేవాడు ఇత్తడి గిన్నెను రుద్ది నవాసారం చల్లితే గాని తగరం పట్టుకోదని మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు తెలుసు. అదేవిధంగా ముందు క్రోమియంను పలుచగా వేసి, ఆపైన బంగారం వేయాలి. తరువాత అద్దం కింద సిలికాన్‌ను నాలుక వలె సన్నగా కోసి, పలుచని అయస్కాంత లోహం పూసి, కింద తీగచుట్ట పెట్టాము. కరెంటు ఇస్తే నాలుక వంగి అద్దం కిందికి దిగుతుంది, వెలుగు నేరుగా పోతుంది. కరెంటు తీస్తే అద్దం లేస్తుంది, వెలుగు పక్క పోగులోకి మళ్ళుతుంది. మేము ఆశించినంత వెలుగు దాటలేదు, కాని దాటింది. ఆ అమ్మాయి గడువులోపలే పని ముగించింది.

ఈ తడి పద్ధతికి పొయ్యీ పాత్రా చాలు. కాని తీగచుట్ట పెట్టిన స్విచ్చి కరెంటు తింటుంది, స్థలం తింటుంది. దానికన్న నాజూకైనది దువ్వెన పద్ధతి. పిల్లలారా, దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే ఏమవుతుంది? ముక్కలు ఎగిరి అంటుకొంటాయి. పెద్ద వస్తువులమీద ఆ ఆకర్షణ లెక్కలోకి రాదు. మైక్రాన్ల లోకంలో మాత్రం అది మహాబలం. సిలికాన్‌లోనే రెండు దువ్వెనలు చెక్కి, ఒకదాని పళ్ళు ఒకదానిలోకి తాకకుండా దూర్చి విద్యుత్తు ఇస్తే అవి ఒకదాన్నొకటి లాక్కొంటాయి. 1989లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంవారు ఈ పద్ధతిని ప్రచురించారు. ఎత్తు 75, ఎడం రెండున్నర మైక్రాన్లు ఉన్న 60 పళ్ళ దువ్వెనకు 30 వోల్టులు ఇస్తే వచ్చే బలం ఒక నువ్వుగింజ బరువులో సగం ఉంటుంది. నవ్వకండి! అది తాను మోసే అద్దం బరువుకు నూరు రెట్లకు పైనే. నిలబెట్టి ఉంచటానికి కరెంటు కూడా ఇంచుమించు అక్కరలేదు. ఇటువంటి దువ్వెనతో నిటారు అద్దాన్ని నడిపే స్విచ్చిని 1997లో స్విట్జర్లండులోని న్యూషతెల్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు వివరించారు.

దువ్వెన పళ్ళ నడుమ లోతైన ఇరుకు సందులు నిటారుగా తవ్వాలి. అది క్షారంతో అయ్యే పని కాదు. దీనికి బాష్ పద్ధతి అని ఒకటి ఉన్నది. మన పల్లెల్లో ఇసుక నేలలో బావి తవ్వేవారు ఒక గజం తవ్వి ఒక ఒర దించుతారు, మళ్ళీ తవ్వి మళ్ళీ ఒర దించుతారు. లేకపోతే గోడ కూలుతుంది. ఇదీ అంతే. కొన్ని సెకన్లు ఒక వాయువు సిలికాన్‌ను తవ్వుతుంది, కొన్ని సెకన్లు మరొక వాయువు గోడకు రక్షణ పూత వేస్తుంది. ఇట్లా వందలసార్లు. ఒరల బావి గోడమీద వలయాలు కనిపించినట్లే ఈ గోడమీదా సన్నని అలలు మిగులుతాయి. ఆ అలలను ఎంత తగ్గిస్తే అద్దం అంత మంచిది.

ఇక్కడ కూడా సాక్షి కావలసిందే. అద్దాన్ని వెనక్కు లాగే సిలికాన్ స్ప్రింగు వెడల్పు నాలుగు మైక్రాన్లు అనుకొందాము. దాని బిగువు వెడల్పు ఘనాన్ని బట్టి ఉంటుంది. తయారీలో పదో వంతు సన్నబడితే బిగువు నాలుగో వంతుకు పైగా పడిపోతుంది. గీసినప్పుడు అనుకొన్న వోల్టులకు అద్దం అనుకొన్న చోట ఆగదు. అందుకని స్విచ్చి పక్కనే రకరకాల వెడల్పుల స్ప్రింగులు చెక్కి, వాటిని కొలిచి, అసలుది ఎట్లా వచ్చిందో తెలుసుకొంటాము. చివరకు కింది పొరను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కరిగించి కదిలే భాగాన్ని విడుదల చేస్తాము. చర్మం మీద పడితే ఎముక దాకా పోయే ఆమ్లం అది. అందుకే ఆ తెల్ల ముసుగులు, రెండు జతల తొడుగులు. కడిగిన తరువాత మామూలుగా ఆరబెడితే, తడిసిన వెంట్రుకలు అతుక్కొన్నట్లు దువ్వెన పళ్ళు అతుక్కుపోతాయి. అందుచేత నీటిని తీసి ద్రవ కార్బన్ డయాక్సైడు నింపి, 31 డిగ్రీలు దాటించి, ద్రవమో వాయువో తెలియని స్థితిలో మెల్లగా వదిలేస్తాము.

ఇంత సరంజామా ఏ ఒక్క కళాశాలకూ సాధ్యం కాదు. ఈ విషయంలో బెంగళూరులో ఉండటం మా అదృష్టం. 1998లో ఇక్కడ సూక్ష్మ వ్యవస్థల నిపుణులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. రక్షణ పరిశోధన సంస్థకు అధిపతిగా పనిచేసిన డాక్టర్ వి. కె. ఆత్రేగారి నాయకత్వాన జాతీయ కార్యక్రమాలు నడిచినవి. వాటి మూలంగా దేశంలో అనేక ఇంజనీరింగు కళాశాలలకు ఈ రూపకల్పన విద్య చేరింది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 2010లో నానో విజ్ఞాన కేంద్రం ఏర్పడింది. అక్కడి జాతీయ తయారీ కేంద్రంలో 14,000 చదరపు అడుగుల నిర్మల మందిరం ఉన్నది. అందులో మిక్కిలి శుభ్రమైన భాగాల్లో ఘనపుటడుగు గాలిలో అర మైక్రానుకు మించిన ధూళి కణాలు నూరుకన్న ఎక్కువ ఉండకూడదని నియమం. అన్నిటికన్న ముఖ్యం, 2008లో ఆరంభమైన ఒక ప్రభుత్వ పథకం కింద, అర్హమైన ప్రతిపాదన పంపిన బయటి కళాశాలలవారికి అక్కడా, బొంబాయి ఐ.ఐ.టి.లోనూ శిక్షణ ఇచ్చి పని చేసుకోనిచ్చారు. అనంతపురం నుంచి, వరంగల్లు నుంచి వచ్చే పిల్లకు ఇంతకన్న ఏం కావాలి?

బయటి ప్రపంచంలో ఈ మీట గతి ఏమైందో కూడా చెప్పాలి. 1999లో అమెరికాలో లూసెంట్ కంపెనీ 256 దారుల అద్దాల స్విచ్చిని గొప్పగా ప్రకటించింది. 2001 తరువాత టెలికాం వ్యాపారం కుప్పకూలింది. ఆ ఆశమీద పుట్టిన కంపెనీలు చాల మూతపడినవి. ఈ విద్య చదివినవారు వేరే ఉద్యోగాలు చూసుకొన్నారు. కాని అద్దం చచ్చిపోలేదు. 2022లో గూగుల్ ఇంజనీర్లు తమ కంప్యూటర్ కేంద్రాల్లో 136 దారుల సూక్ష్మ అద్దాల స్విచ్చీలు వాడుతున్నామని ప్రచురించారు. మేము చెప్పిన కూడలి పద్ధతిలో అయితే దానికి 136ను 136తో గుణించినన్ని, అంటే 18,496 అద్దాలు కావాలి. ఏ దిక్కుకైనా వాలే అద్దాలను రెండు వరుసల్లో ఎదురెదురుగా పెడితే 272తో సరిపోతుంది. మీరు ఫోనులో అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పే పెద్ద కంప్యూటర్ల వెనుక ఈనాడు ఇటువంటి అద్దాలు తల తిప్పుతున్నవి.

ఇక ముగిస్తాము. మన పిల్లలు ఈ ఊళ్ళో కంప్యూటరు ముందు కూర్చుని గొప్ప పనులు చేస్తున్నారు. సంతోషమే. అయితే ఏదైనా చేతితో చేసే పని అంటే మన ఇళ్ళలో కొంచెం చిన్నచూపు వచ్చింది. తాతలు మగ్గం నేసినా, మట్టి తవ్వినా, కళాయి వేసినా ఆ సంగతి పెళ్ళిచూపుల్లో చెప్పటం మానేశాము. మేము ముగ్గురం పట్టాలు పొందినవాళ్ళం. కాగితంమీద మా లెక్కలో తప్పు లేదు. తప్పిందల్లా పని దగ్గర. దాన్ని సరిదిద్దినది ఒక మేస్త్రీ అడిగిన ప్రశ్న. గీసేవాడికి చేసేవాడి చిక్కు తెలియకపోతే గీత మిగులుతుంది గాని వస్తువు మిగలదు. మీ ఇంట్లో పిల్ల ఏదైనా ప్రయోగశాలకు పోతానంటే అడ్డు చెప్పకండి. పైగా మీకు తెలిసిన పని సంగతులు ఆమెకు చెబుతుండండి. ఏది ఎప్పుడు అక్కరకు వస్తుందో ఎవరికి తెలుసు?

ఆ అమ్మాయి చేసిన అద్దాల్లో ఒకటి ఇక్కడికి తెచ్చాము. గుండుసూది మొనకన్న చిన్నది. సభ అయ్యాక బల్లమీద పెట్టిన సూక్ష్మదర్శినిలో అందరూ చూడవచ్చు. పిల్లలకు మొదటి అవకాశం. పక్కనే ఖాళీ జాగా కనిపిస్తుంది. అక్కడే సాక్షి గట్లు ఉండేవి. మొదటి వరుసలో అమ్మమ్మగారు కూర్చుని ఉన్నారు. అమ్మా, ఇది చిక్కపేటలో దొరకదు. దీనికి మాకు చదువు కొంత కావలసి వచ్చింది. మిగతాది మీవంటి పెద్దలను అడిగి తెలుసుకొంటున్నాము.